తల దాచుకునే చోటు

2025 జూన్ 12. ఎండాకాలం సెలవులు ముగిసి తెలంగాణలో బడులు తెరిచిన రోజు. ఆ రోజే ఆదిలాబాద్ జిల్లా గాదిగూడ మండలం పిప్పిరిలో విత్తనాలు వేయడానికి చేనుకు పోయినవాళ్లు, వాన అందుకోగానే పని ఆపి చేనులోని గుడిసెలోకి చేరారు. అక్కడే పిడుగు పడింది. నలుగురు చనిపోయారు. బేల మండలంలో మరో ఇద్దరు పోయారు. ఒక్క పూటలో, ఒక్క జిల్లాలో ఆరుగురు.

ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ నుంచి చూస్తే గాదిగూడ దూరమేమీ కాదు, మధ్యలో నార్నూర్ మండలం అడ్డం, అంతే. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు జైనూర్ ఆసిఫాబాద్ వైపు వెళ్లింది, గాదిగూడ ఆదిలాబాద్‌లో మిగిలింది. కానీ ఆ గుట్టలు ఒకటే, ఆ చేన్లు ఒకటే, చేన్లల్లో వేసుకునే గుడిసెలూ ఒకటే. ఆ వార్త విన్నప్పుడు జైనూర్ చుట్టుపక్కల గూడేల్లో ఎవరికి వాళ్లకు తమ చేను, తమ గుడిసె కళ్లముందు మెదిలి ఉంటాయి.

ఆ వార్త నన్ను ఇప్పటికీ వదలకపోవడానికి ఒక కారణం ఉంది. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. ఉరుముతున్నప్పుడు చెట్టు కిందికి పోవద్దని మనకు చిన్నప్పటి నుంచి చెప్పారు. ఆరుబయట నిలబడొద్దని చెప్పారు. వాళ్లు ఆ రెండూ చేయలేదు. కప్పు ఉన్న చోటికి పోయారు. జాగ్రత్త పడ్డ మనుషులే జాగ్రత్త కోసం చేరిన చోట చనిపోయారు. పిడుగు గురించి మనం చెప్పుకునే జాగ్రత్తల్లో ఎక్కడో పెద్ద లోటు ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ లోటు మన ఒక్కరిదే కాదు. 1975 డిసెంబర్ 23న, ఇప్పటి జింబాబ్వే తూర్పు భాగంలో, కొండ ప్రాంతపు ఆదివాసీ పల్లెలో వానకు తడవకుండా ఒక గుడిసెలో ఒదిగిన జనం మీద పిడుగు పడి 21 మంది చనిపోయారు. ఒకే పిడుగు నేరుగా అంతమందిని పొట్టన పెట్టుకోవడం ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల్లో మరొకటి లేదు. అక్కడిదీ పూరి గుడిసే. అక్కడి జనమూ వాన తగ్గేదాకా ఆగుదామనుకున్నవాళ్లే. యాభై ఏళ్ల తేడాతో, సముద్రం అవతల జరిగిన ఆ సంగతిని పిప్పిరి పక్కన పెట్టి చూస్తే ఊరి పేరు తప్ప మారిందేమీ లేదు.

చేనులో గుడిసె ఎట్లా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడండి. నాలుగు గుంజలు, పైన వెదురు తడక, దాని మీద గడ్డి. ఈ మధ్య గడ్డి బదులు నల్ల కవరో, రెండు పాత రేకులో కప్పుతున్నారు. లోపల ఒక మూల పార, కొడవళ్లు, మందు కొట్టే పంపు, గంజి తెచ్చుకున్న స్టీలు గిన్నె. గోడలు ఉండవు, ఉన్నా మోకాలెత్తు దడి. వాన జల్లు లోపలికి కొడుతుంది కాబట్టి అందరూ మధ్యకు జరిగి, ఒకరినొకరు ఆనుకుని, తడి నేల మీద గొంతు కూర్చుంటారు. వానను ఆపడానికి ఈ గుడిసె చాలు. పిడుగుకు మాత్రం ఇది పొలం మధ్యలో ఎత్తుగా నిలిచిన ఒక గుర్తు.

పిడుగుకు కావలసింది నేలలోకి దిగే దారి. స్లాబు వేసిన పక్కా ఇంట్లో స్తంభాల్లోని ఇనుప చువ్వలు, గోడల్లోని కరెంటు తీగలు, నీళ్ల పైపులు ఆ దారి ఇస్తాయి. కరెంటు వాటి వెంట నేలకు పోతుంది, మధ్యలో ఉన్న మనిషి చాలావరకు బతుకుతాడు. గుడిసెలో అట్లాంటి దారి లేదు. అక్కడ దొరికే దారి తడిసిన గుంజ, దాన్ని ఆనుకున్న మనిషి. గుంజ మీద దిగిన పిడుగు పక్కనున్న ఒంటిలోకి దూకుతుంది. నేలలోకి దిగింది కూడా ఒక్కచోట ఆగదు, తడి మట్టిలో చుట్టూ పాకుతుంది. ఒక కాలి గుండా ఎక్కి ఇంకో కాలి గుండా దిగుతుంది. చెట్టు కింద నిలబడ్డ ఎడ్లు, ఆవులు ఒక్కసారే నాలుగైదు పడిపోయేది ఇందుకే. వాటి ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ, ఆ ఎడంలోనే గుండె ఉంటుంది.

అంటే మనం ఇన్నాళ్లూ సగం మాటే చెప్పాం. ‘చెట్టు కిందికి పోవద్దు’ అన్నాం. మరి ఎక్కడికి పోవాలి? ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, గుట్ట వాలులో ఉన్న చేనులో నిలబడి ఉన్న మనిషికి ఈ ప్రశ్నకు జవాబు లేదు. నేను రాయదలచుకున్నది ఆ జవాబు గురించే.

ఎండాకాలపు గాలిదుమారం ఈ వైపు ఎట్లా వస్తుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పొద్దంతా నిప్పులు చెరిగిన ఎండ, ఆకు కదలని ఉక్కపోత. మధ్యాహ్నం మూడు దాటాక మహారాష్ట్ర వైపు నుంచి ఆకాశం నల్లబడుతుంది. ముందు దుమ్ము, వెనకే గాలి, ఆ వెనక పెద్ద పెద్ద చినుకులు, ఒక్కోసారి రాళ్లవాన. అరగంట, ముప్పావుగంట. అంతలోనే మామిడి తోటలో కాయ రాలిపోతుంది, కరెంటు స్తంభాలు పక్కకు ఒరుగుతాయి, ఎవరింటి రేకులో ఎవరి చేనులోనో దొరుకుతాయి. వాతావరణ కేంద్రం వార్తల్లో మార్చి నుంచి జూన్ దాకా ‘విదర్భ నుంచి ద్రోణి’ అని చెబుతుంటారు. ఆ ద్రోణి మొదలయ్యేదే మన పొలిమేర అవతల. దానికి ఒక పక్క వాయవ్యం నుంచి పొడి వేడిగాలి, మరో పక్క బంగాళాఖాతం నుంచి తేమగాలి. రెండూ తగిలిన చోట మబ్బు నిలువుగా పైకి లేస్తుంది. కింద గుట్టలుంటే ఆ గాలికి ఇంకో తోపు.

మా వైపు దీన్ని చెడగొట్టు వాన అంటారు. ఆ పేరులోనే లెక్కంతా ఉంది. కోతకొచ్చిన యాసంగి జొన్నను చెడగొడుతుంది, కల్లంలో ఆరబోసిన మక్కలను చెడగొడుతుంది. పెళ్లిళ్ల కాలం కూడా అదే కాబట్టి పందిళ్లను పడగొడుతుంది. ఏజెన్సీలో ఇంకొకటి ఉంది. సరిగ్గా ఈ నెలల్లోనే మనుషులు అడవిలో ఎక్కువగా ఉంటారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరుతారు. ఆ తర్వాత తునికాకు. తెల్లారకముందే అడవికి పోయి, కోసుకొచ్చి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లంలో ఎండబెడతారు. సాయంత్రం మబ్బు పట్టగానే ఆ కట్టలు తడవకుండా కాపాడుకోవడానికి కల్లానికి ఉరుకుతారు. అంటే పిడుగు పడే వేళకు బీదవాళ్లు ఇంట్లోంచి బయటికి పరుగెత్తుతారు. మే చివర పత్తి కట్టె ఏరి చేను శుభ్రం చేస్తారు, మిరుగం కార్తె రాగానే విత్తనం పట్టుకుంటారు. 2025లో రుతుపవనాలు మే నెలాఖరుకే తెలంగాణకు వచ్చి, తర్వాత దాదాపు రెండు వారాలు కదలకుండా ఆగిపోయాయి. మిరుగం వచ్చింది గానీ ఎండ పోలేదు. ఎండాకాలపు ఉరుముల వానలు జూన్ మధ్య దాకా సాగాయి. పిప్పిరి ఆ రోజుల్లోనిదే.

దేశం మొత్తం మీద పిడుగులు ఏటా 2,500 మందికి పైగా ప్రాణాలు తీస్తున్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో ప్రకృతి వైపరీత్యాల వల్ల చనిపోయిన 8,060 మందిలో మూడో వంతు దాటి పిడుగుపాటు మృతులే. వరదలకంటే, వడదెబ్బకంటే ఎక్కువ. అయినా ఒక్కొక్క ఊళ్లో ఒకరిద్దరు చొప్పున చనిపోతారు కాబట్టి పత్రికల్లో జిల్లా పేజీ దాటి రారు.

మిగతా చోట్ల ఏం చేశారు? ముందు బంగ్లాదేశ్ సంగతి. అక్కడ వైశాఖంలో వచ్చే గాలివానను కాలబైశాఖి అంటారు. మన దుమారానికి అన్న. 1989 ఏప్రిల్ 26న మానిక్‌గంజ్ వైపు అట్లాంటి మబ్బుల్లోంచి దిగిన సుడిగాలి దాదాపు 1,300 మందిని చంపింది. ప్రపంచంలో ఏ సుడిగాలీ అంతమందిని చంపలేదు. 2016 మే నెలలో రెండే రోజుల్లో పిడుగులకు అరవై మంది దాకా చనిపోయాక, ఆ ప్రభుత్వం పిడుగుపాటును జాతీయ విపత్తుగా ప్రకటించింది. చనిపోయేవాళ్లు ఎక్కువగా ఈశాన్యాన సునామ్‌గంజ్ వంటి జిల్లాల్లో, కనుచూపు మేర చెట్టు గానీ ఇల్లు గానీ లేని లోతట్టు పొలాల్లో వరి కోస్తున్న కూలీలు. సర్కారు ఆలోచించి, పొలం గట్ల మీద తాటిచెట్లు పెంచుదామంది. ఎత్తైన తాడి పిడుగును తన మీదికి తీసుకుంటుంది, మనిషి బతుకుతాడు అని. పది లక్షల మొక్కలు నాటుతామని మొదలుపెట్టారు. తాటిచెట్టు ఎదిగేసరికి ఒక తరం గడుస్తుంది. ఆ లోపు చాలాచోట్ల మొక్కలు బతకలేదు, కాపాడేవాళ్లు లేరు. కొన్నేళ్లకు ప్రభుత్వమే ఆ పథకాన్ని పక్కన పెట్టింది.

తాళ్ల మీద పిడుగు పడటం తెలంగాణవాళ్లం కళ్లారా చూసినదే. వానలో తాటిమట్టలు భగ్గున మండుతుంటే చూసిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. కాబట్టి ఆ ఆలోచనలో నిజం లేకపోలేదు. కానీ చెట్టు నిలబడి ఉండాలి, మనిషి దానికి దూరంగా ఉండాలి. వానలో తడుస్తున్న మనిషి చెట్టుకు దూరంగా ఉండడు, దాని కిందికే పోతాడు. నీడనిచ్చే దాన్ని నాటి, దాని నీడన చేరొద్దని చెప్పడం కష్టం. ఒడిశా కూడా 2024లో 19 లక్షల తాటిమొక్కలు నాటాలని నిర్ణయించింది. నాటనివ్వండి, తాటిచెట్టు ఎట్లాగూ మంచిదే. అయితే ఈ ఏడు చేనులో ఉన్న కూలీకి అది జవాబు కాదు.

ఒడిశా నుంచి నేర్చుకోవలసింది తాటిచెట్టు దగ్గర కాదు, ఇంకోచోట ఉంది. 1999 అక్టోబర్ 29న వచ్చిన పెను తుఫానులో ఆ రాష్ట్రం దాదాపు పదివేల మందిని పోగొట్టుకుంది. ఇరవై ఏళ్ల తర్వాత, 2019 మే 3న, ఫణి తుఫాను అదే తీరాన్ని తాకింది. చనిపోయినవాళ్లు 64 మంది. ఆ మధ్యలో తీరం పొడవునా 800కు పైగా తుఫాను భవనాలు కట్టారు, 122 సైరన్ టవర్లు నిలబెట్టారు, ఊరూరా కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చారు. ఫణికి ముందు పన్నెండు లక్షల మందిని ఆ భవనాలకు, ఇతర సురక్షిత చోట్లకు చేర్చారు. ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోదగ్గదే.

అదే ఒడిశాలో పిడుగులకు ఏటా సగటున మూడు వందల మంది చనిపోతున్నారు. 2015లోనే పిడుగుపాటును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తున్నారు. పిడుగులను కనిపెట్టే యంత్రాలు పెట్టారు. 2023 సెప్టెంబర్ 2న రెండు గంటల్లో 61,000 మెరుపులు మెరిశాయని లెక్క కట్టగలిగారు. ఆ రోజు చనిపోయిన 12 మందిని మాత్రం కాపాడుకోలేకపోయారు. అదే ప్రభుత్వం, అదే అధికారులు, అదే జనం. తుఫానులో గెలిచినవాళ్లు పిడుగు దగ్గర ఎందుకు ఓడారు?

తుఫాను నాలుగు రోజుల ముందు కబురు పంపుతుంది. వెళ్లవలసిన భవనం ఎక్కడుందో ఊళ్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. పిడుగు అరగంట ముందు కబురు పంపుతుంది. ఆ అరగంటలో చేరుకోవడానికి చేను దగ్గర ఏ భవనమూ లేదు. కబురు, చోటు రెండూ ఉంటేనే ప్రాణం నిలుస్తుంది. ఒక్క కబురుతో నిలవదు. ఒడిశా తీరం చెప్పిన పాఠం ఇదేనని నేను నమ్ముతున్నాను. మనం మాత్రం అందులో కబురు సగాన్ని తీసుకుని, చోటు సగాన్ని వదిలేశాం.

కబురు విషయంలో మన పక్క రాష్ట్రం ముందే ఉంది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని అక్కడి విపత్తుల సంస్థ లెక్క తీసింది. ఏ మండలంలో పడబోతున్నాయో అరగంట, ముప్పావుగంట ముందే ఫోన్లకు సందేశాలు పంపే ఏర్పాటు అప్పటికే చేసుకుంది. అయినా ఆ రోజు తొమ్మిది మంది పోయారు. ఇప్పుడు పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ దేశమంతటా పనిచేస్తోంది. మనం ఉన్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే చెబుతుంది. మంచి పనే. కానీ జైనూర్ దాటి గుట్టల్లోకి పోతే చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. చేనుకు పోయే ఆడవాళ్లలో ఎందరి కొంగున ఫోన్ ఉంటుంది? అక్కడ పనిచేసే యాప్ ఒకటే, చెవి. మెరుపు కనపడ్డాక ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోవాలి. ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫై లోపల ఉరుము వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టు, తర్వాతది మన మీద పడొచ్చు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా చోటు కదలకూడదు. మన పెద్దలు ఉరుము వినగానే అర్జునుడి పేర్లు తలుచుకునేవారు. ఆ పేర్లు తలుచుకుంటూనే అంకెలూ లెక్కపెట్టడం పిల్లలకు నేర్పితే చాలు.

పిడుగు చావులను నిజంగా తగ్గించిన దేశం అమెరికా. 1943లో అక్కడ పిడుగులకు 432 మంది చనిపోయారు. ఇప్పుడు ఏటా ఇరవై మంది, కొన్నేళ్లయితే అంతకంటే తక్కువ. ఈ మధ్యలో జనాభా రెండింతలు దాటింది. పిడుగులు మాత్రం తగ్గలేదు. దీనికి ఏదో గొప్ప పథకం కారణమనుకుంటాం. పరిశోధకులు తేల్చింది వేరు. పొలాల్లో ఆరుబయట పనిచేసేవాళ్లు తగ్గారు. ట్రాక్టరుకు నాలుగు వైపులా మూసిన ఇనుప క్యాబిన్ వచ్చింది. పల్లె ఇళ్లకు కరెంటు తీగలు, నీళ్ల పైపులు వచ్చి గోడలకు ఎర్తింగ్ కుదిరింది. ఉరుము వినగానే ఎక్కి కూర్చోవడానికి పొలం గట్టునే కారు ఉంది. ‘ఉరిమితే లోపలికి’ అన్న ప్రచారం 2001లో మొదలైంది, అప్పటికే చావులు చాలావరకు తగ్గాయి. లోపల అనేది ముందు వచ్చింది, లోపలికి పొమ్మన్న మాట తర్వాత వచ్చింది.

మన కూలీకి లోపల అనేది లేదు. చేనుకు తీసుకుపోయేది పైకప్పు లేని ట్రాలీ, లేకపోతే ఆటో. రెండూ పిడుగును ఆపవు. ఇనుప టాప్ ఉండి, అద్దాలు మూసిన జీపు, బస్సు అయితే ఆపుతుంది.

అమెరికా అంత డబ్బు ఉంటే తప్ప కుదరదా అంటే, ఉగాండా వైపు చూడాలి. 2011 జూన్ 28న అక్కడి రున్యాన్యా ప్రాథమిక పాఠశాల మీద పిడుగు పడి 18 మంది పిల్లలు తరగతి గదిలోనే చనిపోయారు. రేకుల కప్పు, ఎర్తింగ్ లేని గోడలు. ఆ దుఃఖం తర్వాత కొందరు డాక్టర్లు, ఇంజనీర్లు కలిసి ఆఫ్రికా దేశాల కోసం ఒక పిడుగు రక్షణ సంస్థ పెట్టుకుని, ఒక్కొక్క బడికీ కప్పు మీద కడ్డీలు, నాలుగు వైపులా నేలలోకి దిగే తీగలు, చుట్టూ భూమిలో పాతిన రాగి కడ్డీలు వేస్తూ వచ్చారు. రున్యాన్యా బడికీ వేశారు. వాళ్ల ఆలోచన సూటిగా ఉంది. ఊళ్లో అందరి ఇళ్లనూ మార్చలేం, ఒక్క కట్టడాన్ని మాత్రం పిడుగు తాకినా ఏమీ కాని చోటుగా మార్చగలం. మబ్బు పడితే ఊరంతా అక్కడికి రావచ్చు. దీనికి కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. ఈ కడ్డీ సూత్రం రెండు వందల డెబ్బై ఏళ్లుగా ఉన్నదే, మన సెల్ టవర్ల మీద, గుడి గోపురాల మీద కనపడేదే.

జైనూర్ మండలానికి ఇది కొత్త మాట కూడా కాదు. 1940లలో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ మండలంలోని మార్లవాయిలో ఉండి గోండుల బడి పెట్టించినప్పుడు, గూడేనికి ఒక ఉమ్మడి కట్టడం ఉంటే దాని చుట్టూ ఎన్ని పనులు జరుగుతాయో ఈ ప్రాంతం దేశానికి చూపించింది. ఇప్పుడు కావలసిందీ అట్లాంటిదే. చేన్ల మధ్య, నడిస్తే పది నిమిషాల్లో చేరగలిగే చోట, ఎర్తింగ్ సరిగా వేసిన చిన్న స్లాబు గది. నలుగురు పట్టే గది కాదు, ముప్ఫై మంది పట్టే గది. తునికాకు కల్లాల దగ్గర ఒకటి. అన్ని చోట్లా ఒకేసారి అక్కర్లేదు. పిప్పిరి వంటి ఊళ్లతో మొదలుపెట్టవచ్చు. ఉట్నూర్‌లోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఈ పని తలకెత్తుకుంటే, మిగతా ఆదివాసీ ప్రాంతాలకూ దారి చూపినట్టవుతుంది.

ఇక ఊళ్లోని ఇంటి సంగతి. చేనులో పిడుగు ప్రాణం తీస్తే, ఊళ్లో గాలి కప్పు లేపుకుపోతుంది. గడ్డి ఇళ్లు, పెంకుటిళ్లు తగ్గి రేకుల ఇళ్లు వచ్చాయి. కోతులు పీకని కప్పు, ఏటేటా నేయనక్కర్లేని కప్పు, కాబట్టి జనాన్ని తప్పుపట్టను. కానీ ఆ రేకును బిగించిన తీరు చూడండి. దూలం మీదికి ఒక మేకు. మొదటి ఏడు ఆ మేకు చుట్టూ కన్నం మేకంతే ఉంటుంది. ప్రతి గాలికీ రేకు పైకి లేచి కింద కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా కన్నం అంచు కొంచెం చీలుతుంది. మూడో ఏటికి కన్నం కోలగా సాగి, మేకు తల అందులోంచి దూరిపోయేంత అవుతుంది. ఆ ఏడు వచ్చిన దుమారానికి మేకు దూలానికే ఉంటుంది, రేకు ఎగిరిపోతుంది.

ఆస్ట్రేలియాలో డార్విన్ నగరం ఇదే పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1974 క్రిస్మస్ నాటి తెల్లవారుజామున ట్రేసీ తుఫాను ఆ ఊళ్లో అత్యధిక ఇళ్లను నేలమట్టం చేసింది, 66 మంది చనిపోయారు, ముప్ఫై వేల మందికి పైగా ఊరు విడిచిపోయారు. జార్జ్ వాకర్ అనే ఇంజనీరు శిథిలాలు పరిశీలించి చెప్పింది ఇంతే. రేకులు బలహీనమై పోలేదు. గాలికి పదే పదే ఊగి, బిగింపు దగ్గర అలిసిపోయి చీలాయి. కప్పు పోగానే గోడలు పడ్డాయి. ఆ తర్వాత ఆ దేశం ఇళ్ల నిబంధనలు మార్చింది. రేకు మీద, బిగింపు తల కింద వెడల్పైన వాషర్ ఉండాలి, అంచుల దగ్గర బిగింపులు దగ్గర దగ్గరగా ఉండాలి, దూలం గోడకు, గోడ పునాదికి ఇనుముతో ముడిపడి ఉండాలి. టౌన్స్‌విల్‌లో రేకులను గాలికి ఊపి పరీక్షించడానికే ఒక కేంద్రం పెట్టారు.

మనకు ట్రేసీ అంత గాలి రాదు. గంటకు 60, 80 కిలోమీటర్ల గాలికే మన కప్పులు పోతున్నాయి. గాలి 80 ఉంటే కప్పు అంచున చదరపు మీటరు రేకును పైకి లాగే బలం 30 నుంచి 60 కిలోల దాకా ఉంటుంది. పదడుగుల రేకు దాదాపు మూడు చదరపు మీటర్లు. దాని మీద మనం పెట్టే రెండు రాళ్లు ఏపాటి? ఆ రాళ్లు రేకును ఆపకపోగా, రేకు లేచినప్పుడు లోపల పడుకున్న వాళ్ల మీద పడతాయి. రాయి తీసేసి, మేకు బదులు దూలాన్ని చుట్టి పట్టే హుక్ బోల్టు, రేకు మీద దాని నట్టు కింద వెడల్పు వాషర్ వేయించుకుంటే చాలు. జైనూర్‌లో ఇనుప సామాన్ల కొట్లో దొరికే వస్తువులే. అంచుల వరస ముందు చేయండి, గాలి మొదట పట్టుకునేది అంచునే. సర్కారు ఇల్లు మంజూరైనవాళ్లు స్లాబు వేసుకుంటారు, మంచిదే. మంజూరు కాని ఇళ్ల సంగతి ఇది.

పంట నష్టం గురించి పెద్దగా రాయను. 2023 మార్చిలో రాళ్లవానకు తెలంగాణలో పంటలు పోయినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి ఎకరాకు పదివేలు ప్రకటించారు. డబ్బు వస్తే చేను మళ్లీ వేసుకోవచ్చు, మనిషిని మళ్లీ తెచ్చుకోలేం.

పిడుగు తగిలిన మనిషి గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. అతని ఒంట్లో కరెంటు మిగలదు, వెంటనే ముట్టుకోవచ్చు. పిడుగు తగిలిన ప్రతి పది మందిలో తొమ్మిది మంది బతుకుతారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. చనిపోయేవాళ్లు ఎక్కువగా గుండె ఆగి పోతారు. రొమ్ము మధ్యన రెండు చేతులతో నిమిషానికి వంద సార్లకు తగ్గకుండా గట్టిగా నొక్కుతూ ఉంటే కొందరి గుండె మళ్లీ కొట్టుకుంటుంది. మధ్య భారతంలో కొన్నిచోట్ల పేడలో, మట్టిలో పాతిపెట్టే అలవాటు ఉంది. దాంతో పోయేది విలువైన సమయం. గూడేనికి ఇద్దరు కుర్రాళ్లకైనా ఈ నొక్కే పని నేర్పించడానికి ఒక్క పూట చాలు.

చేన్ల మధ్య గదులు కట్టేదాకా ఏం చేయాలి? ఊళ్లో ఇప్పుడే ఉన్న వాటి పేర్లు రాసుకుందాం. బడి, పంచాయతీ ఆఫీసు, రైతు వేదిక. స్లాబు వేసినవి, కరెంటు తీగ ఉన్నవి చాలాచోట్ల ఇవే. మన బడులకు ఏప్రిల్ 24 దగ్గర సెలవులు మొదలై జూన్ 11తో ముగుస్తాయి. గాలిదుమారాలు, పిడుగులు జోరుగా వచ్చే కాలంలో చాలాభాగం ఆ నెలన్నర రోజుల్లోనే ఉంటుంది. ఊళ్లో పిడుగుకు తట్టుకునే గది ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. తాళంచెవి సార్ దగ్గర ఉంటుంది, సార్ ఉట్నూర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఉంటారు.

అందుకే జైనూర్ మండలంలోని సర్పంచులకు, గూడేల పటేళ్లకు, హెడ్మాస్టర్లకు ఒక మనవి. ఈ ఏడు సెలవులు ఇచ్చే రోజున బడి తాళంచెవి ఒకటి ఊళ్లోనే ఉంచండి. బడికి దగ్గర ఇల్లు చూసి, ఎప్పుడూ ఇంటి పట్టున ఉండే మనిషికి ఇవ్వండి. మబ్బు పట్టగానే ఆ తలుపు తెరవమని చెప్పండి. ఆ చెవి ఎవరింట్లో ఉందో చేనుకు పోయే ప్రతి ఒక్కరికీ తెలిసేలా చాటింపు వేయించండి.